ఉప్పుకొట్లపేటకు ప్రశాంతత మంజూరైంది

ఉప్పుకొట్లపేటలో ఎవరికీ ప్రశాంతత లేదని ప్రభుత్వంవారు కనిపెట్టేసరికి ఎండాకాలం వచ్చేసింది. అంతవరకూ ఆ సంగతి పేటవాళ్ళకి కూడా తెలియదు. కుళాయి రావట్లేదని తెలుసు, కాలవ పూడిపోయిందని తెలుసు, దోమలున్నాయని ఒళ్ళంతా తెలుసు. ఇప్పుడు ప్రశాంతత కూడా లేదని ఆటోలో మైకు పెట్టి మరీ చెబుతుంటే, అయ్యో, అదొక్కటి తక్కువైందా మన ప్రాణానికి అనుకున్నారు.

కనిపెట్టింది ప్రశాంతతాభివృద్ధి సంస్థ. దానికి జిల్లా అధికారి పరాంకుశంగారు. ఊరికి ఉత్తరాన కొండమీద పాలరాతి ధ్యానకేంద్రం ఒకటుంది. అక్కడ వారం రోజులు కళ్ళు మూసుకోవడానికి కట్టే రుసుముతో పేటలో ఒక సంసారం ఆర్నెల్లు కళ్ళు తెరుచుకుని బతికేస్తుంది. ఇది చూసి పరాంకుశంగారి గుండె తరుక్కుపోయింది. ఉన్నవాడు కళ్ళు మూసుకుంటే ధ్యానం, లేనివాడు కళ్ళు మూసుకుంటే కునుకు, ఈ అసమానతను తక్షణం రూపుమాపాలి అని ఆయన పైకి రాశారు. పైవాళ్ళు రెండోమాట లేకుండా ఒప్పుకున్నారు. కాలవ తీయించడంకన్నా కళ్ళు మూయించడం చవక అని వాళ్ళకి మాత్రం తెలియదా?

ఇక మన నాంచారమ్మ. పేట మొదట్లో కమ్యూనిటీ హాలు, దానికి సరిగ్గా ఎదురుగా నాంచారమ్మ కారం మర. ముందు మర, వెనక ఇల్లు. మొగుడు పోయాక మరని తనే తిప్పుతోంది. మర పక్కన నిలబడి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఆ ఎత్తునే స్థిరపడిపోయింది, మెల్లిగా మాట్లాడటమన్నది చేతకాదు. గుడికెళ్ళి దేవుడితో రహస్యంగా చెప్పుకున్నది కూడా ప్రసాదం వరసలో చివరివాడికి వినిపిస్తుంది. మనసు మాత్రం వెన్న. అయితే ఆ వెన్న సంగతి ఆవిడ తిట్లన్నీ అయిపోయేదాకా ఆగినవాళ్ళకే తెలుస్తుంది.

ఏడాదంతా మర ముక్కుతూ మూలుగుతూ తిరిగినా, ఆవకాయ నెలలో మాత్రం ఊపిరి తీసుకోదు. పేట మొత్తం ఎండుమిరపకాయలు సంచులకెత్తుకుని వచ్చి పడుతుంది. ఆ నెల తిరిగితే నాంచారమ్మకి ఏడాది గడుస్తుంది, తిరక్కపోతే గడవదు. అంతే లెక్క.

ధ్యాన తరగతుల పథకం ప్రారంభోత్సవానికి ఆమె కూడా వెళ్ళింది. పరాంకుశంగారు మైకు పుచ్చుకుని, "అల్పాదాయ వర్గాల మానసిక మౌలిక వసతుల కల్పనలో నేడొక మైలురాయి! మౌనం మీ జన్మహక్కు!" అని అరిచారు. మైకు కుయ్యోమంది. ఇద్దరు పసిపిల్లలు లేచి ఏడుపందుకున్నారు.

"ఈ పథకంలో పీల్చే గాలి సంపూర్ణంగా ఉచితం" అన్నారాయన, చప్పట్ల కోసం ఆగి. "వదిలే గాలికి మాత్రం లబ్ధిదారుల భాగస్వామ్యం కింద నామమాత్రపు రుసుము ఉంటుంది. రెండూ ఉచితమైతే ప్రజలకు శ్వాస విలువ తెలియదని నిపుణులు అభిప్రాయపడ్డారు."

వెనకవరసలోంచి మస్తాన్‌బీ లేచి నిలబడింది. పేట చివరింటి మనిషి. నాంచారమ్మకి ప్రాణస్నేహితురాలు. ఏ కట్టుబాటు చెప్పినా అందులో సందెక్కడుందో ముందు ఆమెకే కనిపిస్తుంది.

"సారూ, ఇక్కడ పీల్చుకుని ఇంటికాడికి పోయి వదుల్తాం. కుదురుద్దా?"

పరాంకుశంగారు పక్కనే ఉన్న హనుమద్దాసు వైపు చూశారు. హనుమద్దాసు ఉద్యోగం సహాయ మౌనాధికారి, అంచేత ఆయన చెవిలోనే మాట్లాడతాడు. నిబంధనల్లో నిషేధమేమీ లేదని చెవిలో చెప్పాడు.

మర్నాడు తరగతి అవుతూనే పేట ఆడవాళ్ళంతా గుండెల నిండా ప్రభుత్వ గాలి పీల్చుకుని, బుగ్గలు పూరించుకుని వీధిలో పరుగో పరుగు. ఎదురొచ్చినవాళ్ళు పలకరిస్తే చేత్తోనే జవాబు. దగ్గరిళ్ళవాళ్ళు గడప దాటి హుష్షుమని వదిలారు. పాపం మస్తాన్‌బీది చివరిల్లాయె. నడిదారిలో కళ్ళు బయటికొచ్చి, ముఖం వంకాయ రంగుకి తిరిగి, ఎవరింటి గుమ్మంలోనో కూలబడి వదిలేసింది. ఆ సాయంత్రానికి సంస్థవారు రుసుము ఎత్తేశారు. పేదల సౌకర్యార్థం ఇకమీదట గాలిని పూర్తిగా ఉచితం చేయడమైనది అని మళ్ళీ ఆటోలో చాటారు.

తరగతి చెప్పేది హనుమద్దాసే. "కళ్ళు మూసుకోండి. ఏమీ ఆలోచించకండి" అన్నాడు గుసగుసగా.

"ఆలోచనొస్తే?" అంది మస్తాన్‌బీ.

"వస్తే పంపించేయండి."

"పంపిచ్చినా మళ్ళీ వస్తంది సారూ, మా ఆడబిడ్డలాగ."

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు సద్దుమణిగి, జనం నిజంగానే కళ్ళు మూసుకుని, హనుమద్దాసు ఆనందంతో ఒళ్ళు మరిచిపోయే సమయానికి ఎదురుగా నాంచారమ్మ మర గుర్రుమంది. కిటికీ రెక్కలు వణికాయి. గోడమీది శాంతి చిత్రపటం వంకరైంది. ఎవరో, "నాంచారమ్మక్క కారం మొదలెట్టిందర్రో!" అన్నారు. అంతే, సగం హాలు ఖాళీ. అందరూ సంచుల కోసం ఇళ్ళకి పరుగెత్తారు.

పరాంకుశంగారు స్వయంగా మర దగ్గరికి దయచేశారు. "అమ్మా! తమ యంత్రం వల్ల అల్పాదాయ వర్గాల అంతరంగ నిశ్శబ్దానికి విఘాతం వాటిల్లుతోంది!"

"ఇనపడట్లా! మర ఆగినాక చెప్పండి!" అని ఆమె గట్టిగా అరిచింది. ఆయన ఆగారు. ఆగినంతసేపూ తుమ్మారు. పాపం, ఒక తుమ్ముకీ ఇంకో తుమ్ముకీ మధ్య ఒక్క మాటైనా చొప్పించాలని చూశారు గానీ సాగలేదు. మర్నాడు మనుషుల్ని పెట్టుకుని వచ్చి, షట్టరు దింపించి, లక్క కాచి సీలు వేయించేశారు. అప్పుడు చదివిన ఉత్తర్వుకి మాత్రం తుమ్ము అడ్డం రాలేదు. "ఉప్పుకొట్లపేటను శాంతి మండలంగా ప్రకటించినందున, సదరు మండలంలో శబ్దోత్పత్తి నిషిద్ధం!"

"ఏందయ్యా ఇదీ! ఆవకాయ నెల్లో మర మూపిస్తే నేనెట్టా బతకాల? పేటోళ్ళంతా కారం ఏడ పట్టిచ్చుకోవాల?" నాంచారమ్మ కడుపు మండిపోయింది.

పరాంకుశంగారు ఎంతో దయగా చూశారు. "మీరు తీవ్రమైన ఆందోళనలో ఉన్నారమ్మా. దానికి మా దగ్గర పరిష్కారముంది. తరగతిలో చేరండి. ముందువరసలో చోటిప్పిస్తాను."

చేరింది మహాతల్లి. ముందువరసలోనే కూర్చుంది. కళ్ళు మూసుకుంటే చాలు, ఎర్రటి లక్క సీలు కనబడుతుంది. కనబడగానే నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు కూడా మర ఎత్తునే ఉంటుంది కాబట్టి వెనకవరసలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

మర మూసినా సంస్థవారికి మనశ్శాంతి దొరకలేదు. నిశ్శబ్దాన్ని కొలవడానికి ముల్లున్న పెట్టె ఒకటి తెప్పించి హాల్లో పెట్టారు. ముల్లు కిందికి దిగితే పేదవాడు ప్రశాంతంగా ఉన్నట్టు. అది దిగితేగా! శబ్దాలన్నీ వెతికి పట్టుకోండని పరాంకుశంగారు ఆజ్ఞాపించారు. మొదట కుక్కర్లు దొరికాయి. కూత పెట్టే బొడిపెలన్నీ సంస్థ స్వాధీనం చేసుకుంది. పేటలో పప్పు పలుకుగా ఉండటం మొదలైంది. చేపలమ్మే పేరమ్మ కేక వేయకూడదన్నారు, చేత్తో చేప ఈదినట్టు చూపించి అమ్ముకోమన్నారు. ఆమె వీధంతా చెయ్యి ఆడించుకుంటూ తిరిగితే జనం వాతమనుకుని పరామర్శించారే తప్ప ఒక్కరూ చేప కొనలేదు. తెల్లారగట్ల కూసినందుకు ఒక కోడిపుంజుని సంజాయిషీ అడిగారు. అది సమాధానంగా మళ్ళీ కూసింది. ధిక్కారం కింద బుట్ట బోర్లించారు. పేట దాటేదాకా రైలుని మునివేళ్ళమీద నడిపించగలరేమో తెలుపగోరుతూ రైల్వేవారికి ఉత్తరం కూడా వెళ్ళింది.

అయినా ముల్లు దిగలేదు. హనుమద్దాసు చెవి ఒగ్గి, హాలంతా కలియదిరిగి, చివరికి అధికారిగారి చెవి దగ్గరికొచ్చాడు.

"కనిపెట్టాను సార్. జనం పళ్ళు నూరుతున్నారు."

ఇలా ఉండగా రాష్ట్రం మొత్తానికి ప్రశాంతతా కమిషనర్ అయిన విరూపాక్షరావుగారు పేట ప్రశాంతతను స్వయంగా తనిఖీ చేయడానికి వస్తున్నారని కబురొచ్చింది. పరాంకుశంగారికి అన్నం సయించలేదు. ఆ రోజు పేటంతా హాల్లో ఉండి తీరాలని చాటించారు. ఖర్మ కాకపోతే, పుల్ల మామిడికాయల బండి కూడా ఆ పొద్దున్నే వచ్చింది.

బండి వచ్చాక ఇంకేముంది! ఆడవాళ్ళంతా కాయలు బేరం చేసుకుని, మిరపకాయల సంచులు చంకనెత్తుకుని నాంచారమ్మ ఇంటిమీదికొచ్చి పడ్డారు.

"నన్నేం చెయ్యమంటారే? సీలేసి సచ్చారు గదా!" అంది నాంచారమ్మ.

మస్తాన్‌బీ షట్టరుకేసి చూసింది. ఇంటికేసి చూసింది. "సీలు షట్టరుకే గదక్కా ఏసింది. పెరటి తలుపుకి ఎయ్యలేదు గదా. మనం వెనకమాలగా పోతే సీలుకి దెబ్బేంది?"

నిజమే. మరకి పెరటివైపు తలుపుందని సంస్థవారికి తెలియదు. ముందు బోర్డుందా లేదా అని తప్ప వాళ్ళు దేన్నీ వెనకనుంచి చూసే అలవాటు లేదు. నాంచారమ్మ కొంగు బిగించి మోటారు మీట పైకి నొక్కింది. చాన్నాళ్ళకి మర గొంతు విప్పేసరికి ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంకా మిరపకాయలు పొయ్యకముందే.

కారం పట్టించేచోట పేటకొక కట్టుబాటుంది. ఎవరి కాయ మరలో పడుతుంటే వాళ్ళు దగ్గర కూర్చుని చూసుకోవాలి. లేకపోతే ముందువాళ్ళ నాసిరకం కారం తమ బంగారంలాంటి కారంలో కలిసిపోతుందని భయం. కానీ ఆ ఘాటులో చూడటం ఎవరి తరం? అంచేత కాపలాకొచ్చినవాళ్ళంతా గోతాలమీద వరసగా కూర్చుని, ముక్కుకి కొంగు బిగించి, కళ్ళు గట్టిగా మూసుకుంటారు. ఊపిరి గబగబా పీలిస్తే తుమ్ము, అందుకని మెల్లగా, అతి మెల్లగా పీలుస్తారు. మాట్లాడినా మర మోతలో వినపడదు, అందుకని మాట్లాడరు. చెంపల మీదుగా నీళ్ళు మాత్రం ధారలు కారుతుంటాయి. తరతరాలుగా ఇంతే.

కమిషనర్‌గారు వచ్చేసరికి హాల్లో ఉన్నది ముల్లు పెట్టె ఒక్కటే. పరాంకుశంగారు నిలువునా నీరైపోయారు. "లబ్ధిదారులు... లబ్ధిదారులు స్వగృహాల్లో సాధన చేస్తున్నారు సార్..."

"ఉండండి" అన్నారు కమిషనర్‌గారు చెయ్యెత్తి. "ఎక్కణ్ణుంచి ఆ ఓంకారం?"

ఆయన శబ్దం వెంట సందులోకి తిరిగి, కోళ్ళగూడు దాటుకుని, పెరటి తలుపు దగ్గరికొచ్చి, అక్కడే నిలబడిపోయారు. గాలి ఆయన వీపువైపునుంచి వీస్తోంది. పైగా ఏసీ కారులో పడి రావడం వల్ల ముక్కు రెండువైపులా దిబ్బడేసి ఉంది. కాబట్టి ఆయనకి ఘాటు తగల్లేదు, దృశ్యం ఒక్కటే తగిలింది.

"సమాధి!" అన్నారాయన. "సామూహిక సమాధి! ఇది గోతామా, పద్మాసనమా? చూడండి పరాంకుశం, ఆ ఆనందబాష్పాలు చూడండి! కొండమీద ఇన్నాళ్ళుగా కూర్చుంటున్నవాళ్ళకి కూడా ఒక్క చుక్క రాలేదయ్యా!"

అది కారమని పరాంకుశంగారికి తెలుసు. తెలిసీ, సంస్థ ఆశయాలకి అనుగుణంగా మౌనం వహించారు. హనుమద్దాసు సహాయ మౌనం వహించాడు.

"అమ్మా, ఈ స్థితికి వీళ్ళనెలా తీసుకొచ్చావు?" అని కమిషనర్‌గారు నాంచారమ్మని అడిగారు.

ఆమె మరని మించి అరిచింది. "నేనేం చేశా సారూ! బాగా ఎండబెట్టి, తొడిమలు తీసుకుని వస్తే సాలు, మిగతాది మరే చూసుకుంటది!"

"విన్నారా? ఎండబెట్టడమంటే తపస్సు. తొడిమ తీయడమంటే అహంకారాన్ని వదలడం" అని ఆయన హనుమద్దాసుకి రాయించారు. "మరి వీళ్ళేం చేస్తున్నారమ్మా ఇక్కడ?"

"ఎవరిది వాళ్ళు చూసుకుంటన్నారు!"

"కళ్ళు మూసుకునా?"

"కళ్ళు తెరిస్తే సూళ్ళేరు సారూ!"

కమిషనర్‌గారు చేతులెత్తి నమస్కారం పెట్టారు. అప్పటికప్పుడు సీలు పీకించారు. నాంచారమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఉన్న బెల్లమంతా పేటకి పంచిపెట్టింది. ఆ వేళకి కరెంటు పోవడంతో మస్తాన్‌బీ కాయ ఒక్కటీ మిగిలిపోయింది. "రేపు పొద్దున్నే మొదటి వాయ నీదేనే" అని మాటిచ్చింది.

పొద్దున్నే లేచి చూసేసరికి మరలో తాపీవాళ్ళున్నారు.

చూస్తుండగానే గోడలకి పాలరంగు, నేలకి నున్నటి పలకలు, కిటికీలకి బిగింపు అద్దాలు, పైన చల్లగాలి యంత్రం. షట్టరు మీద నీలం బోర్డు: నాంచారమ్మ ఆదర్శ నాదధ్యాన కేంద్రం. కేంద్రానికి ఆమెని గౌరవ నాదాచార్యగా నియమించారు. మెడలో వెయ్యడానికి శాలువా తెచ్చారు. గోతాలన్నీ తీసి వీధిలో పారేశారు.

"మస్తాన్‌బీ కాయ పట్టాల సారూ" అంది నాంచారమ్మ.

"ఇకమీదట మిరపకాయలకి ప్రవేశం లేదమ్మా" అన్నారు పరాంకుశంగారు. "తెల్లటి పరుపులు ఎర్రబడతాయి. నాదమే ప్రధానం. మర ఉత్తినే తిరగాలి."

"ఉత్తినే తిప్పితే రాళ్ళు అరిగిపోవా?"

"అరుగుదలను సంస్థ భరిస్తుంది."

ఆయన తరవాతి మాట చెప్పేముందు కొంచెం నీళ్ళు నమిలారు. కొండమీది జనానికి ఈ వార్త తెలిసిపోయిందట. పాలరాతిమీద రాని ఆనందబాష్పాలు పేటలో వస్తున్నాయని కార్లలో ఎగబడుతున్నారట. గిరాకీ దృష్ట్యా కొద్దిపాటి రుసుము పెట్టక తప్పలేదు. కొద్దిపాటి అంటే కొండమీది దానికి రెట్టింపు. అల్పాదాయ వర్గాలను విస్మరించలేదు. వారికి రోడ్డు మీద నిలబడి గోడకి చెవి ఆనించి వినే సదుపాయం రాయితీపై కల్పించడమైనది.

నాంచారమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఇదంతా పేదోళ్ళకని గదయ్యా పెట్టారు!"

"నిజమే. కానీ పేదల పద్ధతి ఇంత గొప్పదని రుజువయ్యాక కూడా దాన్ని పేదలకే వదిలెయ్యడం న్యాయమా? మీరే చెప్పండి" అన్నారాయన. "మీరేం దిగులు పడకండి. దీన్ని పేద కుటుంబాలకి ఎలా అందుబాటులోకి తేవాలో అధ్యయనం చేయడానికి ఒక సంఘం వేశాం."

ప్రారంభ తరగతినాడు వీధంతా కార్లు. పట్టుపంచెలవాళ్ళు, సుగంధాలవాళ్ళు, చేతులకి పూసలదండలు చుట్టుకున్నవాళ్ళు వరసగా పరుపులమీద సర్దుకున్నారు. ముందువరసలో విరూపాక్షరావుగారు. చల్లగాలి బయటికి పోకుండా తలుపులు బిగించారు.

నాంచారమ్మ శాలువా కప్పుకుని మీట నొక్కి నిలబడింది. ఇన్నేళ్ళలో మరని ఖాళీ కడుపుతో తిప్పింది లేదు. వట్టి రాళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటుంటే ఆ చప్పుడు ఆమెకి పంటికింద రాయి పడినట్టుంది. నెలరోజులు ఇలా తిరిగితే ఇక మరా ఉండదు, తనూ ఉండదు.

అప్పుడు పెరటి తలుపు కొంచెం తెరుచుకుంది. మస్తాన్‌బీ. ఒక చంకలో మిరపకాయల సంచి, ఇంకో చంకలో బేసిన్ నిండా మామిడి ముక్కలు.

"అక్కా, ఇయ్యాల మర తిరుగుద్దంటే పట్టిస్తావని నమ్మి కాయ కొట్టిచ్చేశానే. చూడు, ముక్క నీళ్ళొదిలేస్తంది. పొద్దుగూకేలోపల కలపకపోతే మొత్తం పారబొయ్యాల్సిందే. పిల్లలకి ఏడాదంతా అన్నంలోకి ఇదే గదక్కా."

ఆమె ఎప్పుడూ ఏదో ఒక సందు చూపించే మనిషి. ఈసారి చూపించలేదు. కళ్ళల్లో నీళ్ళు, ఆ నీళ్ళు కారంవి కావు.

నాంచారమ్మ బేసిన్‌కేసి చూసింది. పచ్చగా, టెంకతో సహా, సమంగా కొట్టిన ముక్కలు. పళ్ళెంలా నున్నగా తుడిచిన తొట్టికేసి చూసింది. శాలువా తీసి ముక్కుకి చుట్టుకుంది.

"కూర్చోవే. నీ కాయ నువ్వు చూసుకో."

సంచి మొత్తం తొట్టిలో బోర్లించింది.

హనుమద్దాసు పరుగెత్తుకొచ్చాడు. "ఈమెకి ప్రవేశం లేదు!" అన్నాడు. అన్నీ చెవిలోనే చెప్పే మనిషి, మొదటిసారి గట్టిగా అన్నాడు.

"నా కాయ మర్లో ఉంటే నేనేడికి పోతా సారూ?" అని మస్తాన్‌బీ మూలన చతికిలబడి, కొంగు బిగించి, కళ్ళు మూసుకుంది.

మర స్వరం మారింది. ఆకలి తీరినట్టు కమ్మగా, నిండుగా మోగింది. "ఆహా, నాదం గాఢమవుతోంది" అన్నారు కమిషనర్‌గారు కళ్ళు మూసుకునే. ఆయన జలుబు ఈమధ్యనే పూర్తిగా నయమైంది. "దీర్ఘంగా శ్వాసించండి. గుండెల నిండా."

అందరూ గుండెల నిండా శ్వాసించారు.

ఆ తరవాత జరిగింది చెప్పాలంటే ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. మొదటి తుమ్ము పట్టుపంచెలవైపునుంచి వచ్చింది. దాని వెనక ఇక వరస లేదు, వావి లేదు. పూసలదండలు తెగి గదంతా దొర్లాయి. "సాక్షిభావం! సాక్షిభా... సాక్షి... హాఛ్!" అని కమిషనర్‌గారు పరుపుతో సహా వెనక్కి వెళ్ళారు. లోపలికి తెరుచుకునే తలుపుని అందరూ కలిసి బయటికి తోశారు. తలుపు ఎలా తెరుచుకుంటుంది పాపం! చల్లగాలి యంత్రం ఆ ఘాటునంతా ఒక్క రవ్వ వృథా కాకుండా అన్ని మూలలకీ సమానంగా పంచిపెట్టింది. పరాంకుశంగారు సీలు పీకిన షట్టరు ఎత్తేదాకా ఎవరికీ దారి దొరకలేదు. దొరకగానే కొండజనమంతా ముక్కులు చేత్తో పట్టుకుని, కళ్ళు కనబడక ఒకరిమీద ఒకరు పడుతూ, వీధి కుళాయిమీద పడ్డారు. తిప్పారు. మళ్ళీ తిప్పారు. కుళాయి రాదని పేటకి ఎప్పటినుంచో తెలుసు. కమిషనర్‌గారికి ఆ రోజే తెలిసింది.

మరలో మిగిలింది ఇద్దరే. నాంచారమ్మ మీట దగ్గర, మస్తాన్‌బీ మూలన. చుట్టూ అంత ప్రళయం జరిగినా మస్తాన్‌బీ కదల్లేదు. వెన్ను నిటారుగా, మెల్లగా, అతి మెల్లగా ఊపిరి తీస్తూనే ఉంది. హనుమద్దాసు పారిపోతూ పారిపోతూ అలవాటుకొద్దీ, హాల్లోంచి తెచ్చి మరలో పెట్టిన ముల్లు పెట్టెకేసి చూశాడు. మొత్తం పేట చరిత్రలో మొదటిసారి ముల్లు అడుక్కి దిగింది. కారం దూరి చెడిపోయిందని తరవాత మరమ్మతువాళ్ళు చెప్పారు.

పొద్దుగూకకముందే మస్తాన్‌బీ ఆవకాయ కలిపింది. మొదటి ముద్ద నాంచారమ్మకే పెట్టింది.

వారంలోపల కుళాయికి నీళ్ళొచ్చాయి. ఎందుకొచ్చాయో ఎవరూ చెప్పలేదు, అడిగితే ఆగిపోతాయేమోనని పేటవాళ్ళూ అడగలేదు. ఇంకొన్నాళ్ళకి ఆటో మైకు మళ్ళీ వచ్చింది. ఈసారి పలుకు చాలా గంభీరంగా ఉంది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఉప్పుకొట్లపేటయందు అమలులోనున్న సాధన సంపన్న వర్గాల స్తోమతకు మించినదని అనుభవపూర్వకముగా తేలినది. ధనిక కుటుంబాలకు దీనిని రాయితీపై అందుబాటులోకి తెచ్చుటకు ఒక సంఘము నియమింపబడినది. అందాక సదరు కేంద్రమును పేదలకే వదిలివేయడమైనది!"

చల్లగాలి యంత్రం ఊడదీసుకుపోయారు. పరుపులు ఊడదీసుకుపోయారు. నీలం బోర్డుని మాత్రం మరిచిపోయారు. నాంచారమ్మ దాన్ని దింపి, తిరగేసి, మిరపకాయలు ఎండబోసుకుంది. కుక్కర్లకి కూత తిరిగొచ్చింది, పేరమ్మకి కేక తిరిగొచ్చింది. కోడిపుంజు ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా కూసింది.

ఆవకాయ నెల చివరిరోజుల్లో ఒక మధ్యాహ్నం మర ముందు ఎప్పటిలాగే వరస. గోతాలమీద ఆడవాళ్ళందరి మధ్యా ఒక ప్యాంటు కనబడింది. నాంచారమ్మ వంగి చూసింది. ముక్కుకి జేబురుమాలు, ఒళ్ళో గుడ్డసంచి, మూసుకున్న కళ్ళు, చెంపల మీద ధారలు. పరాంకుశంగారు.

"ఏం సారూ! ధ్యానమా?" అని అరిచింది.

ఆయన కళ్ళు తెరవలేదు. "కాదమ్మా. మా ఆవిడ పంపింది. ముందువాళ్ళ కారం కలవకుండా దగ్గరుండి చూసుకుని రమ్మంది. చూస్తున్నా."

"సూడండి, సూడండి" అని నాంచారమ్మ ఆయన సంచి అందుకుని తొట్టిలో పోసింది.